నల్లగొండలో పెద్ద డిస్కౌంట్ స్టోర్ తెరుస్తున్నారు: కిరాణ దుకాణం నిలబడే లెక్క

ప్రశ్న: నల్లగొండ టౌన్‌లో 12×20 అడుగుల కిరాణ దుకాణం మాది. నెలకు నాలుగున్నర లక్షల అమ్మకం. కిరాయి 9,000, పిల్లగాడి జీతం 10,000, కరెంటు, పన్ను, మిగతావి కలిపి 6,000. దుకాణంలో 6 లక్షల సరుకుంది. అందులో 3 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవి. కిలోమీటరున్నర దూరంలో దసరాకు పెద్ద డిస్కౌంట్ స్టోర్ తెరుస్తున్నారు. మేం కూడా రేట్లు తగ్గించాలా? ఇంకో అప్పు తెచ్చి దుకాణం పెంచాలా? పండక్కి సరుకు ఎక్కువ దించాలా? పక్కనే మా బావమరిదికి స్టీలు, ప్లాస్టిక్ సామాన్ల దుకాణం ఉంది, దాని సంగతేంటి?

జవాబు:

రేట్లు ఓ ఇరవై ముప్పై ఐటమ్‌ల మీద మాత్రమే తగ్గించండి. అప్పు ఒక్క రూపాయి కూడా తేవద్దు. ఆ స్టోర్ తెరిచేలోపు మీ 6 లక్షల సరుకును వీలైనంత తగ్గించడం మొదలుపెట్టండి. మీకు పొంచి ఉన్న అసలు ప్రమాదం ఆ సరుకులోనే ఉంది. ఎందుకో లెక్కతో చెప్తాను.

సబ్బులు, బిస్కెట్లు, నూనె, చక్కెర, పప్పు అన్నీ కలిపి కిరాణంలో సగటున 10 శాతం మిగులుతుంది అనుకుందాం. నాలుగున్నర లక్షల మీద 45,000. ఖర్చులు 25,000, వడ్డీ 6,000. మీ ఇంటికి చేరేది 14,000. అంటే భార్యాభర్తలిద్దరూ పొద్దున ఆరింటి నుంచి రాత్రి పది దాకా కూర్చుంటే 14,000. ఇప్పుడు గిరాకీ 30 శాతం తగ్గిందనుకోండి. అమ్మకం 3,15,000, మార్జిన్ 31,500. ఖర్చులు, వడ్డీ కలిపి 31,000 అట్లాగే ఉంటాయి. మీకు మిగిలేది 500 రూపాయలు. దీన్ని చూసి చాలామంది బెదిరిపోయి అన్నింటి మీదా 5 శాతం తగ్గిస్తారు. 10 శాతం మార్జిన్‌లో 5 వదులుకుంటే పాత లాభం రావాలంటే అమ్మకం రెట్టింపు కావాలి, అంటే 9 లక్షలు. 12 అడుగుల దుకాణంలో, పక్కన పెద్ద స్టోర్ పెట్టుకుని అది జరగదు.

వాళ్లకు ఆ రేటు ఎలా పడుతుందో తెలిస్తే ఎక్కడ తలపడకూడదో తెలుస్తుంది. కంపెనీ నుంచి మీ దాకా వచ్చే సబ్బు మీద డిస్ట్రిబ్యూటర్ మార్జిన్ ఉంటుంది, కొన్నిసార్లు హోల్‌సేల్ దుకాణం మార్జిన్ కూడా. పెద్ద స్టోర్ నేరుగా కంపెనీ దగ్గర లారీ లెక్కన కొంటుంది కాబట్టి ఆ రెండూ మిగుల్చుకుంటుంది. డీమార్ట్‌నే తీసుకోండి. 2002లో ముంబయి పొవాయిలో మొదలైన ఆ సంస్థ ఎక్కువ స్టోర్లకు సొంత స్థలాలే వాడుతుంది, సరుకిచ్చినవాళ్లకు త్వరగా డబ్బు కట్టి రేటు తగ్గించుకుంటుంది, బాగా కదిలే రకాలే పెట్టి సరుకు నెల తిరక్కుండా ఖాళీ చేస్తుంది. గమనించాల్సిన సంగతి ఇంకోటుంది: వాళ్ల స్థూల మార్జిన్, అంటే అమ్మిన ధరలోంచి కొన్న ధర తీసేస్తే మిగిలేది, 15 శాతం దగ్గర ఉంటుంది. మీకన్నా తక్కువకు అమ్ముతూ మీకన్నా ఎక్కువ మిగుల్చుకుంటున్నారు. అమ్మకంలో ఐదో వంతుకు పైగా బట్టలు, గిన్నెలు, బకెట్లు, దుప్పట్లు. పప్పు, నూనె జనాన్ని లోపలికి రప్పిస్తాయి, బయటికి పోయేటప్పుడు బండిలో పడ్డ ప్లాస్టిక్ డబ్బాలు, పిల్లల చొక్కాలు మంచి మార్జిన్ ఇస్తాయి. కాబట్టి నూనె రేటులో వాళ్లతో పోటీ పడితే మీరు మీ లాభంతో పోరాడుతున్నారు, వాళ్లు బకెట్ల లాభంతో పోరాడుతున్నారు.

అమెరికాలో వాల్‌మార్ట్ 1962లో మొదలై చిన్న పట్టణాలకు పాకినప్పుడు అయోవా స్టేట్ యూనివర్సిటీ ఆర్థికవేత్త కెన్నెత్ స్టోన్ ఆ ఊళ్ల అమ్మకపు పన్ను లెక్కలు ఏళ్ల తరబడి చూశాడు. ఆయనకు తేలింది ఇది: స్టోర్ ఉన్న ఊరికి చుట్టుపక్కల జనం వచ్చి ఊరి మొత్తం గిరాకీ పెరిగింది. స్టోర్‌లో దొరికే సరుకే అమ్మిన దుకాణాలు దెబ్బతిన్నాయి. అక్కడ దొరకనిది అమ్మినవాళ్లు, హోటళ్లవాళ్లు లాభపడ్డారు. అందరికన్నా ఎక్కువగా నష్టపోయింది పక్కనున్న చిన్న ఊళ్లు. ఆ దేశం వేరు, ఈ దేశం వేరు, కానీ జనం నడిచే దారి ఒకటే. నకిరేకల్, కట్టంగూర్, మునుగోడు, హాలియా లాంటి చోట్ల నెల సరుకులు అమ్మేవాళ్లు మీకన్నా ఎక్కువ జాగ్రత్తపడాలి. నల్లగొండలో ఉన్న మీకు ఆ ఊళ్ల నుంచి వచ్చే కొత్త జనం కొంత కలిసొస్తారు.

మొదట మీ చేయి జారేది నెల జీతాలవాళ్ల చిట్టీ, అంటే నెల సరుకుల జాబితా. టీచర్లు, ఆఫీసు ఉద్యోగులు ఒకటో తారీఖు తర్వాత వచ్చే మొదటి ఆదివారం బండేసుకుని పోతారు. 5 లీటర్ల నూనె డబ్బా, 5 కిలోల చక్కెర, పెద్ద డిటర్జెంట్ ప్యాకెట్, అంట్లు తోమే లిక్విడ్, కిలో టీ పొడి, డైపర్లు, బిస్కెట్ల పెద్ద ప్యాక్ పోతాయి. పోనివ్వండి. ఆగేవి ఏంటంటే పాలు, పెరుగు, గుడ్లు, 5, 10 రూపాయల ప్యాకెట్లు, పావు కిలో పప్పు, పూజ సామాను, పొద్దున్నే కావాల్సిన రవ్వ, పిల్లల నోట్‌బుక్, రాత్రి తొమ్మిదిన్నరకు గుర్తొచ్చిన కొబ్బరికాయ. వీటి కోసం ఎవరూ కిలోమీటరున్నర పోయి బిల్లింగ్ లైన్లో నిలబడరు.

ఇప్పుడు అసలు లెక్క. పోయిన లక్షా ముప్పై అయిదు వేల గిరాకీని వెనక్కి తెచ్చుకోవడం మీ లక్ష్యం కావద్దు. మిగిలిన 3,15,000 మీద సగటు మార్జిన్ 10 నుంచి 13కు తేవాలి, సరుకును 30 రోజుల అమ్మకానికి దించాలి. ఈ రెండూ చేస్తే ఏమవుతుందో చూడండి. 3,15,000లో 13 శాతం 40,950. సరుకు 30 రోజులకు సరిపడా అంటే కొన్న ధరలో 2,74,000. మీ 6 లక్షల్లోంచి 3,26,000 బయటికొస్తుంది. కదలని సరుకు తగ్గించి అమ్మడంలో పాతిక వేలు పోయినా 3 లక్షల అప్పు తీరుతుంది, నెలకు 6,000 వడ్డీ ఆగుతుంది. ఖర్చులు 25,000 పోతే మీకు 15,950 మిగులుతుంది. ఇప్పటి 14,000 కన్నా ఎక్కువ, అమ్మకం 30 శాతం తగ్గినా. అదే 6 లక్షల సరుకు అట్లాగే పెట్టుకుని అమ్మకం పడిపోతే ఇప్పుడు 44 రోజుల్లో తిరిగే సరుకు 63 రోజులకు తిరుగుతుంది. ప్యాకెట్లు డేట్ దాటుతాయి, వడ్డీ పెరుగుతుంది. కిరాణాలు ఎక్కువగా మూతపడేది ఇట్లాగే.

సరుకు తగ్గించడం ఎట్లా? రెండు వారాలు ఒక నోట్‌బుక్ గల్లా పెట్టె పక్కన పెట్టండి. ఏం అమ్మారో అంతా రాయక్కర్లేదు. ప్రతి అరను చూస్తూ, ఈ రెండు వారాల్లో ఒక్కటి కూడా కదలని ఐటమ్ పేరు, ఎన్ని ఉన్నాయి, ఎక్స్‌పైరీ ఎప్పుడు అని మాత్రం రాయండి. ఇంకో పేజీలో, గిరాకీ వచ్చి అడిగి "లేదు" అనిపించుకున్న వస్తువులు రాయండి. మొదటి జాబితా మీ డబ్బు ఎక్కడ ఇరుక్కుందో చెప్తుంది, రెండోది ఆ డబ్బు ఎటు పోవాలో చెప్తుంది. కదలని వాటిలో గడువు మూడు నెలలకు పైన ఉన్నవి డిస్ట్రిబ్యూటర్ సేల్స్‌మన్ రాగానే వాపసు అడగండి. డబ్బు ఇవ్వనంటాడు. బదులుగా అదే కంపెనీలో బాగా కదిలే సరుకు ఇమ్మనండి, చాలామంది ఒప్పుకుంటారు. గడువు దగ్గరపడ్డవి కొన్న ధరకే కౌంటర్ మీద కుప్ప పోసి అమ్మేయండి. ఒకే రకం షాంపూ నాలుగు బ్రాండ్లు, టూత్‌పేస్ట్ ఆరు సైజులు ఉంటే రెండే ఉంచండి. సేల్స్‌మన్ టార్గెట్ కోసం బతిమాలతాడు. అతని టార్గెట్ తీర్చడానికి మీరు రెండు రూపాయల వడ్డీ కట్టొద్దు.

కంపెనీలు మీకిచ్చే ఫ్రీ సరుకు స్కీమ్‌ల విషయంలో ఒక్క లెక్క గుర్తుంచుకోండి. 12కి 1 ఫ్రీ అంటే మీకు పడే లాభం 7.7 శాతం. ఆ 13 డబ్బాలు రెండు నెలలు అమ్ముడుపోకుండా కూర్చుంటే వడ్డీ దాదాపు 4 శాతం తింటుంది. నాలుగు నెలలు కూర్చుంటే స్కీమ్ మొత్తం వడ్డీకే పోతుంది. పదిహేను రోజుల్లో పోయే ఐటమ్ మీద వచ్చిన స్కీమే స్కీమ్. స్పాట్ క్యాష్‌కు డిస్ట్రిబ్యూటర్ 1 శాతం తగ్గించినా అడిగి తీసుకోండి. బిల్లు వారం ఆగి కట్టడం కన్నా అదే నయం.

రేట్ల సంగతి. జనానికి రేటు గుర్తుండే వస్తువులు చాలా తక్కువ: చక్కెర, సన్‌ఫ్లవర్ నూనె లీటరు, పల్లీ నూనె, కందిపప్పు, గుడ్లు, ఒకట్రెండు టీ పొడులు, ఒక డిటర్జెంట్, ఒక బియ్యం రకం. ఈ ఇరవై ముప్పైని బట్టే "ఈ దుకాణం పిరం, ఆ దుకాణం చవక" అని మనసులో పడుతుంది. స్టోర్ తెరిచిన వారంలో మీరే పోయి వీటి రేట్లు రాసుకుని రండి, ప్యాకెట్ మీది బరువుతో సహా. నూనెలో ఇది మరీ ముఖ్యం. లీటరు అంటే దాదాపు 910 గ్రాములు, కానీ 850, 800 గ్రాముల ప్యాకెట్లు కూడా చూడ్డానికి అట్లాగే ఉంటాయి. కిలో లెక్కన చూస్తే తేడా చాలాసార్లు అనుకున్నంత ఉండదు. ఈ ఐటమ్‌లు వాళ్ల రేటుకు రెండు మూడు రూపాయల తేడాలో ఉంచి, రేట్లు సుద్దముక్కతో బోర్డు మీద రాసి బయట పెట్టండి. మిగతావి ఎంఆర్‌పీకే అమ్మండి.

13 శాతం ఎలా కుదురుతుందంటే, నెల అమ్మకంలో 63,000 ఈ గుర్తుండే ఐటమ్‌ల మీద 5 శాతంతో, 94,500 కంపెనీ ప్యాకెట్ల మీద 10 శాతంతో, 1,10,000 విడి పప్పులు, దినుసులు, పల్లీలు, బియ్యం మీద 15 శాతంతో, మిగిలిన 47,000 పూజ సామాను, స్టేషనరీ, అప్పడాలు, పచ్చళ్లు, చిల్లర వస్తువుల మీద 25 శాతంతో రావాలి. చూశారు కదా, దాదాపు మూడో వంతు గిరాకీ విడి సరుకు మీద రావాలి. మీ దుకాణంలో ఇప్పుడు కంపెనీ ప్యాకెట్లు ముందు, పప్పు డబ్బాలు వెనక ఉంటే ఆ రెండూ తారుమారు చెయ్యండి.

విడి సరుకు గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, నిలబెట్టేది ఇదే. దక్షిణ తెలంగాణలో కూర్చుని మనకున్న లాభం సరుకు పక్కనే పండటం. తాండూరు కందికి 2022లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అన్న) గుర్తింపు వచ్చింది, ఆ పప్పు పేరు చెప్పి అడిగేవాళ్లున్నారు. మిర్యాలగూడ మిల్లుల బియ్యం మీకు గంట దూరం. పాలమూరు వైపు పల్లీలు, జొన్నలు. ఉదాహరణకు కందిపప్పు కిలో 110కి మీ దుకాణంలో దిగిందనుకోండి. చెరిగితే వచ్చే రాయి, నూక, తూకంలో పోయేది కలిపి తరుగు ఒకటిన్నర శాతం పెట్టుకోండి, 111.70 అయింది. కవరు 80 పైసలు. మీకు పడింది 112.50. 128కి అమ్మితే 15.50, అంటే 12 శాతం. జీలకర్ర, ధనియాలు, ఎండుమిర్చి, యాలకులు, గసగసాలు 50, 100 గ్రాముల లెక్కన అమ్మితే మార్జిన్ ఇంకా ఎక్కువే, అందుకే అన్నీ కలిపి 15 పెట్టాను. తరుగు లెక్క వెయ్యనివాళ్లు 12 వస్తుందనుకుని 10 తోనే సరిపెట్టుకుంటారు.

పప్పు శుభ్రంగా ఉండాలి. పెద్ద స్టోర్‌లో కందిపప్పు మెరుస్తుంటే మీ డబ్బాలో పొట్టు, నూక కనబడితే రేటు తక్కువైనా ఎవరూ కొనరు. ఉన్నవాటిలో మంచి రకం ఒకటి, మధ్యరకం ఒకటి, రెండే పెట్టండి. వానాకాలంలో పప్పుకు, రవ్వకు, శనగపిండికి పురుగు పడుతుంది. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా ఇవి పది పన్నెండు రోజులకు మించి తేవద్దు, శనగపిండి వారానికే తెచ్చుకోండి. బస్తాలు నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పెట్టండి. పాతది ముందు అమ్మండి. డబ్బాలో అడుగున పాత పప్పు ఉండగానే పైన కొత్తది పోయడం వల్లే చాలా దుకాణాల్లో పురుగు మొదలవుతుంది.

చట్టం కూడా ఇక్కడ మీ వైపే ఉంది. పప్పు, బియ్యం, రవ్వ, పిండి లాంటివి విడిగా, గిరాకీ ముందు తూచి ఇస్తే జీఎస్టీ లేదు. ముందే తూచి, లేబుల్ వేసి ప్యాక్ చేసినవాటికి 2022 జులై 18 నుంచి 5 శాతం ఉంది, 25 కిలోల దాకా. ముందే ప్యాక్ చేసి పెడితే తూనికలు కొలతల చట్టం కింద ప్యాకర్‌గా రిజిస్టరై పేరు, చిరునామా, బరువు, ప్యాక్ చేసిన నెల, ఎంఆర్‌పీ అన్నీ ముద్రించాలి. తనిఖీలో పట్టుబడేది ఎక్కువగా ఈ తెల్ల కవర్ల దగ్గరే. కాబట్టి ఎదురుగా తూచి ఇవ్వండి. కాటాకు ఏటా ముద్ర వేయించండి, కాటా ముఖం గిరాకీకి కనబడేలా తిప్పండి. నూనె మాత్రం విడిగా అమ్మొద్దు, ఆహార భద్రత నిబంధనలు ఒప్పుకోవు.

విడి సరుకు ఎక్కడ కొనాలన్నది తర్వాతి మాట. ఒక్కరే హైదరాబాద్ ఉస్మాన్‌గంజ్‌కో బేగంబజార్‌కో పోతే కిరాయిలోనే లాభం పోతుంది. చిన్న ట్రాలీ బండి కిరాయి 3,500 అనుకుంటే 700 కిలోలు నింపితే కిలోకు 5 రూపాయలు. మీరొక్కరే 200 కిలోలు తెచ్చుకుంటే కిలోకు 17.50. నలుగురైదుగురు దుకాణదారులు కలిసి పదిహేను రోజులకోసారి బండి నింపండి. వేర్వేరు గల్లీలవాళ్లను కలుపుకోండి, పక్కపక్క దుకాణాలవాళ్లు కలిస్తే రేటు దగ్గర తగాదా వస్తుంది. డబ్బు ముందే జమ చెయ్యాలి, బిల్లు అందరికీ కనబడాలి, ఎవరి బస్తా మీద వాళ్ల గుర్తు ఉండాలి. ఈ మూడూ లేని ఉమ్మడి కొనుగోళ్లు రెండు మూడు విడతల్లోనే చెడిపోతాయి.

ఆ పెద్ద స్టోర్‌లోనే కొని అమ్మొచ్చా? చక్కెర, ఏదైనా డిటర్జెంట్ మీ డిస్ట్రిబ్యూటర్ ధర కన్నా అక్కడ చవగ్గా ఉంటే కొనండి, అందులో తప్పేం లేదు. అయితే ఒక్కరికి ఇన్నే అని పరిమితి పెడతారు, రెగ్యులర్ జీఎస్టీలో ఉంటే మీ నంబరు లేని బిల్లు మీద ఇన్‌పుట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకు మినహాయింపు, రాదు. పాడైతే వాపసు తీసుకునే డిస్ట్రిబ్యూటర్ ఉండడు. త్వరగా పోయే రెండు మూడు ఐటమ్‌లకే పనికొస్తుంది.

పన్ను: మీ ఏడాది టర్నోవర్ 54 లక్షలు. తెలంగాణలో సరుకు అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ పరిమితి 20 లక్షలే. కోటిన్నర లోపు కాబట్టి కాంపోజిషన్ పథకం మీకు కుదురుతుంది: పన్ను పడే అమ్మకం మీద 1 శాతం, మూడు నెలలకోసారి సీఎంపీ-08 ఫారం, ఏడాదికోసారి జీఎస్టీఆర్-4 రిటర్న్. ఆ ఒక శాతం గిరాకీ దగ్గర వసూలు చెయ్యకూడదు, మీరే భరించాలి. విడి పప్పు, బియ్యం మీద పన్ను లేదు కాబట్టి వాటి వాటా పెరిగితే ఈ ఖర్చూ తగ్గుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, పేస్టులు, షాంపూలు, బిస్కెట్లు 18 నుంచి 5 శాతానికి వచ్చాయి. ఇన్‌పుట్ తీసుకోలేని కాంపోజిషన్ వ్యాపారికి అది నేరుగా కొనుగోలు ధరలోనే తగ్గింది.

ఉద్దెర, అంటే సరుకు అరువివ్వడం గురించి గట్టిగా చెప్పాలి. స్టోర్ తెరిచిన మూడో నెలకల్లా ఒక అలవాటు మొదలవుతుంది: జీతం పడగానే నగదు పట్టుకుని అక్కడికి, 20వ తారీఖు దాటాక ఉద్దెరకు మీ దగ్గరికి. ఇట్లాంటివాళ్లు పదిమంది అయితే మీ డబ్బుతో వాళ్లు ఆ స్టోర్‌కు నగదు గిరాకీ అవుతున్నట్టే. నియమం ఒకటే పెట్టుకోండి. నెల చిట్టీ మీ దగ్గర కట్టించుకునేవాళ్లకే ఉద్దెర. మొహమాటం వద్దు, మర్యాదగా చెప్పండి: "అక్కా, చిట్టీ ఇక్కడే కట్టించు, ఖాతా ఎప్పటికీ నీదే." రైతు కుటుంబాలకు వడ్ల పైసలు వానాకాలం పంటవి నవంబరు, డిసెంబరులో, యాసంగివి ఏప్రిల్, మేలో చేతికొస్తాయి. వాళ్ల ఖాతాకు ఆ నెలలే గడువు, ఇంటికి ఇంత అని పైకం పరిమితి రాసుకోండి. మొత్తం ఉద్దెర 60,000 దాటొద్దు మీ స్థాయికి. బాకీకి చట్టంలో మూడేళ్లే గడువు. ఆ లోపు బాకీ ఒప్పుకుంటూ సంతకం చేస్తే గడువు కొత్తగా మొదలవుతుంది. అందుకే ప్రతి ఉగాదికీ ఖాతా చూపించి మొత్తం కింద సంతకం తీసుకోండి. ఫోన్‌లో ఖాతా యాప్ పెట్టుకుంటే రాయగానే వాళ్లకు మెసేజ్ పోతుంది, గొడవలు సగం తగ్గుతాయి.

అప్పు వద్దన్నాను కదా, రోజువారీ ఫైనాన్స్‌వాళ్లు దసరా ముందు తప్పకుండా వస్తారు. 10,000 అని రాసుకుని 8,500 చేతిలో పెట్టి, రోజుకు 100 చొప్పున వంద రోజులు తీసుకుంటారు. చూడ్డానికి చిన్నగా కనబడే ఈ 1,500 ఏడాది లెక్కలో 120 శాతం దాటుతుంది. మీకు తప్పనిసరై డబ్బు కావాలంటే బ్యాంకులో చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణం అడగండి, తాకట్టు లేకుండా అందులోని కిశోర్ రకం కింద 5 లక్షల దాకా ఉంది. కానీ దాంతో ఏసీ, గాజు తలుపులు పెట్టొద్దు. గాజు తలుపు చూసి పల్లె నుంచి వచ్చిన మనిషి లోపలికి రావడానికి జంకుతాడు.

పెద్ద స్టోర్ చెయ్యని పనులు మూడున్నాయి. పెళ్లి, దావత్ సామాను ఒకటి: 300 మందికి చిట్టీ మీరే రాసిచ్చి, ఇంటికి దింపి, విప్పని బస్తాలు, ప్యాకెట్లు వాపసు తీసుకోవడం. ఆ వాపసు మాట కోసమే జనం మీ దగ్గరికి వస్తారు, సగం అడ్వాన్సు తీసుకోండి. రెండోది టిఫిన్ సెంటర్లు: మినపగుండ్లు, రవ్వ, పల్లీలు, నూనె రోజూ పొద్దున కావాలి. మార్జిన్ 5, 6 శాతమే కానీ సరుకు నాలుగు రోజుల్లో తిరుగుతుంది. వారం ఉద్దెర, శనివారం వసూలు, ఒక్క వారం తప్పితే సరుకు ఆపండి. మూడోది వాట్సాప్‌లో చిట్టీ తీసుకుని కిలోమీటరు లోపల పొద్దున పదకొండుకు ఒకసారి, సాయంత్రం ఆరుకు ఒకసారి దింపడం, 300 రూపాయలకు తక్కువైతే వద్దనడం. ఎప్పుడు పిలిస్తే అప్పుడు పిల్లగాణ్ని పంపితే దుకాణంలో మనిషి ఉండడు.

మీ బావమరిది పరిస్థితి మీకన్నా కష్టం, ఆలస్యం చెయ్యొద్దు. ఆ స్టోర్ లాభం తీసేది సరిగ్గా ఆయన అమ్మే సరుకు మీదే. డబ్బాలు, బకెట్లు, సీసాలు కొత్తగా తేవడం ఇవాళే ఆపమనండి. కిలో లెక్కన స్టీలు, పాత గిన్నెలు తీసుకుని కొత్తవి ఇవ్వడం, గిన్నెల మీద పేరు కొట్టించి ఇవ్వడం, పెళ్లి సారె సామాను సెట్, పెద్ద గంగాళాలు, వంటవాళ్ల గిన్నెలు, కుక్కర్ గాస్కెట్, విజిల్, పిడి, మిక్సీ జార్ బ్లేడు మార్చడం పెట్టుకోమనండి. గాస్కెట్ మార్చడానికి వచ్చిన ఇంటి మనిషే రేపు పెళ్లి సామానుకు వస్తుంది.

సంఘం పెట్టి ఆ స్టోర్ మీద ఫిర్యాదు చేద్దామని ఎవరైనా చందాలు అడగొచ్చు. ఎంఆర్‌పీ కన్నా తక్కువకు అమ్మడం తప్పు కాదు. నష్టానికి అమ్మి పోటీ లేకుండా చెయ్యడం కాంపిటీషన్ చట్టం, 2002 ప్రకారం తప్పే అయినా, ఆ కంపెనీకి మార్కెట్‌లో ఆధిపత్యం ఉందని ముందు రుజువు కావాలి, అది మన టౌన్ స్థాయిలో తేలే పని కాదు. సంఘం బలం డిస్ట్రిబ్యూటర్ల మీద పెట్టండి: పెద్దవాళ్లకు ఇచ్చే ప్యాక్, ఆఫర్ మాకూ ఇవ్వమని. 2021 చివర్లో, 2022 మొదట్లో డిస్ట్రిబ్యూటర్లే ఇదే మాట మీద పెద్ద కంపెనీలను నిలదీశారు.

ఆరు నెలలు ఇవన్నీ చేసి కూడా చేతికి 8,000 లోపే మిగిలితే మూసేయడం గురించి ఆలోచించండి, అది ఓటమి కాదు. వరస ముఖ్యం: మొదట ఎవరికీ చెప్పకుండా ఉద్దెర వసూలు చెయ్యండి, మూస్తున్నారని తెలిస్తే సగం రాదు. తర్వాత డిస్ట్రిబ్యూటర్ల వాపసులు, ఆ తర్వాత ఇంటి యజమానికి నోటీసు, అడ్వాన్సు. జీఎస్టీ రద్దుకు ఆర్‌ఈజీ-16 ఫారం పెట్టాలి, కాంపోజిషన్‌లో లేకపోతే రద్దయిన మూడు నెలల్లో జీఎస్టీఆర్-10 అనే ఆఖరి రిటర్న్ వెయ్యాలి. వెయ్యకపోతే ఆలస్య రుసుము పడుతుంది.

ఇక దసరా సరుకు. కంపెనీ ప్యాకెట్లు మామూలు నెలకన్నా ఒక్కటి కూడా ఎక్కువ దించొద్దు. ఆ స్టోర్ తెరిచే వారం ఆఫర్లన్నీ వాటి మీదే ఉంటాయి. డబ్బు బతుకమ్మ సద్దుల సరుకు మీద పెట్టండి: నువ్వులు, పల్లీలు, ఎండు కొబ్బరి, బెల్లం, చింతపండు, సత్తుపిండికి పెసలు, జొన్నలు. నిరుడు తొమ్మిది రోజుల్లో ఎంత పోయిందో ఖాతాలో చూసి, అందులో మూడింట రెండు వంతులు ముందు తెచ్చుకుని, మిగతాది మొదటి రోజు ఎంగిలిపూల నాటి గిరాకీ చూసి రెండో విడతగా తెప్పించండి. బెల్లం తేమకు కారుతుంది, మూడు నాలుగు రోజులకోసారి తెచ్చుకోండి. నువ్వులు రెండు రకాలు పెట్టండి, కడిగిన తెల్లవి, మామూలువి. పల్లీలు రోజూ కొన్ని వేయించి పొట్టు తీసి పెడితే కిలోకు పది పదిహేను రూపాయలు ఎక్కువిచ్చి కొంటారు, పండగ రోజు ఇంట్లో ఆ పనికి ఎవరికీ తీరిక ఉండదు.